ప్రారబ్ధం పేరిట పలాయనం

కోవిడ్ మహమ్మారి కాలంలో నిర్బంధ టీకాను గూర్చి ఆస్తిక లోకంలో చెలరేగిన వివాదం నేటికీ పూర్తిగా చల్లారలేదు. కర్నూలు, కడప ప్రాంతాలలోనూ టీకాను నిరాకరించినవారి నోట రెండు మాటలు వినబడినవి. మొదటిది: "ఆయువు ప్రారబ్ధాధీనం, సూదితో అది పెరిగేదీ లేదు, తరిగేదీ లేదు." రెండవది: "ఈ శరీరం నాది, దీనిపై ప్రభుత్వానికి అధికారమేమి?" ఈ రెండింటినీ ఒకే మనిషి పలకడమే విడ్డూరం. సర్వమూ విధ్యధీనమైతే నిరాకరించే స్వాతంత్ర్యం ఎక్కడిది? స్వాతంత్ర్యం ఉన్నదంటే, దాని వెంట రావలసిన బాధ్యత ఎక్కడికి పోయినది? సత్సంగంలో "దేహం నేను కాను" అని తల ఊపి, టీకా కేంద్రం ఎదుట "దేహం నాది" అని భీష్మించడం వేదాంతం కాదు. వేదాంతపు ముసుగు కప్పుకొన్న భయం.

భయం పాపం కాదు. క్రొత్త ఔషధాన్ని చూచి జంకడం మానవ సహజం. భయాన్ని భయమని ఒప్పుకొన్నవానికి వైద్యుడు సమాధానం చెప్పగలడు. దానికి ప్రారబ్ధమని పేరు పెట్టుకొన్నవానికి ఎవరూ చెప్పలేరు.

ప్రారబ్ధం అనుభవానికి వచ్చిన పిమ్మటనే తెలిసేది. రాబోయేదానిని ముందే నిర్ణయించి చేతులు ముడుచుకొనే అధికారం ఏ శాస్త్రమూ ఇవ్వలేదు. వాన ముఖం చాటేసినప్పుడు సీమ రైతు ప్రారబ్ధమని పడుకొనడు. వందల అడుగుల లోతుకు బోరు వేయిస్తాడు. నీరు పడకుంటే మరొక చోట వేయిస్తాడు. బిడ్డకు జ్వరం ముదిరితే కర్నూలు పెద్దాసుపత్రికి పరుగెత్తుతాడు. పొలానికీ బిడ్డకూ వర్తించని ప్రారబ్ధం టీకా విషయంలో మాత్రమే ఎట్లు అడ్డువచ్చినది?

ఈ సందేహానికి సమాధానం ఆయుర్వేదంలోనే ఉన్నది. చరక సంహిత విమానస్థానంలోని మూడవ అధ్యాయం జనపదోద్ధ్వంసాన్ని, అనగా మహమ్మారులను గూర్చినది. భిన్న ప్రకృతులు గల జనులు ఒకే కాలంలో ఒకే వ్యాధితో ఎట్లు నశిస్తారని అగ్నివేశుడు అడుగగా, వాయువు, జలం, దేశం, కాలం చెడుటవలననని పునర్వసు ఆత్రేయుడు వివరించాడు. అదే అధ్యాయంలో ఆయువు నియతమా కాదా అన్న ప్రశ్న కూడా వచ్చినది. దైవము, పురుషకారము రెండింటి బలాబలాలపై ఆయువు ఆధారపడునని ఆత్రేయుని నిర్ణయం. సర్వమూ నియతమే అయితే మంత్రం, ఔషధం, హోమం, ఉపవాసం అన్నీ నిష్ప్రయోజనమగునని కూడా ఆయన సూచించాడు. కనుక టీకాను కాదన్న తర్కమే మృత్యుంజయ హోమాన్నీ కాదంటుంది. ఒకదానిని విడిచి మరొకదానిని పట్టుకొనుటకు ఆ తర్కంలో తావు లేదు.

కందిమల్లాయపల్లెలో సజీవ సమాధి అయినారని భక్తులు విశ్వసించే పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కరోనాను ముందే చెప్పారన్న ప్రచారం ఆ రోజులలో ఊరూరా సాగినది. ఆ ప్రచారంలోని సత్యాసత్యాలు అటుంచి, దానిని నమ్మినవారే ఆలోచింపవలె. కాలజ్ఞాని హెచ్చరిక చేసేది ప్రజలు మేలుకొనుటకా, పడుకొనుటకా? వరద వస్తున్నదని దండోరా విని, "చెప్పినట్లే వచ్చినది" అని సంతోషిస్తూ గట్టున కూర్చున్నవాడు భక్తుడు కాడు.

మరికొందరు దైవాపచారమని శంకించారు. ఒకప్పుడు మశూచికి టీకా వేయించుకొనుట అమ్మవారికి కోపకారణమని జంకినవారు ఎందరో. టీకా వేశారు; మశూచి పోయినది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాని నిర్మూలనను ప్రకటించినది. అమ్మవారు మాత్రం ఎక్కడికీ పోలేదు. సీమ పల్లెలలో మారెమ్మకు, పెద్దమ్మకు బోనాలూ జాతరలూ నేటికీ జరుగుతూనే ఉన్నవి. ఆ తల్లిని పూజించే వృద్ధుల భుజాలపై ఆనాటి టీకా మచ్చలు నేటికీ ఉన్నవి. భక్తికీ టీకాకూ వైరం లేదనుటకు ఇంతకన్న సాక్ష్యమేమి కావలె?

అట్లయితే నిర్బంధించుటే ధర్మమా? కాదు. 2022 మే 2న సర్వోన్నత న్యాయస్థానం, రాజ్యాంగంలోని 21వ అధికరణం దేహస్వాతంత్ర్యాన్ని రక్షిస్తున్నదనీ, ఎవరినీ బలవంతంగా టీకాకు గురిచేయరాదనీ తీర్పు చెప్పినది. ప్రజారోగ్యం నిమిత్తం యుక్తమైన పరిమితులు విధింపవచ్చుననీ, అవి పరిస్థితికి తగినవై ఉండవలెననీ వివరించినది. దుష్పరిణామాల వివరాలు ప్రజలకు అందుబాటులో ఉంచవలెనని ఆదేశించినది. ఇది పాలకులకు తగిన పాఠం. చరకుని అధ్యాయం కూడా జనపద వినాశానికి మూలం అధర్మమనీ, అది పాలకుల నుండి ప్రజలకు వ్యాపించుననీ చెప్పినది. సత్యాన్ని దాచి విధేయతను కోరే ప్రభుత్వం వదంతులకు తానే ఎరువు వేస్తుంది.

అయితే న్యాయస్థానం నిలబెట్టినది హక్కు. అది ధర్మనిర్ణయం కాదు. చేయకుండుటకు హక్కు ఉన్న ప్రతి పనీ చేయకూడనిది కాదు. అన్నదానం చేయుమని ఏ చట్టమూ నిర్బంధించదు, ధర్మం నిర్దేశిస్తుంది. టీకా వ్యాధివ్యాప్తిని పూర్తిగా ఆపలేదన్నది నిజమే. వ్యాధి తీవ్రతనూ మరణాలనూ బాగా తగ్గించినదన్నదీ అంతే నిజం. సుంకేశుల వద్ద తుంగభద్ర నుండి బయలుదేరే కర్నూలు–కడప కాలువ క్రింద వ్యవసాయం చేసేవారికి ఇందులోని మర్మం వేరుగా చెప్పనక్కరలేదు. ఎగువ రైతు అక్కరకు మించి వాడుకొన్న నీరు చివరి ఆయకట్టు రైతుకు దక్కదు. పెద్దాసుపత్రిలోని పడక, ప్రాణవాయువు కూడా అట్టివే. నివారింపదగిన వ్యాధితో ఒకడు ఆక్రమించిన పడక, ఆ రాత్రి మరొక నిరుపేద కుటుంబానికి లేని పడక. ఆ కుటుంబానికి "నీ ప్రారబ్ధం" అని చెప్పగల ధైర్యం ఏ వేదాంతికి ఉన్నది?

వైద్యుడు వలదన్నవాడు మానుకొనుట దోషం కాదు. తక్కినవారికి గీత బోధించిన లోకసంగ్రహమే ప్రమాణం. రాజదండానికి జంకి భుజం చాపినవాడు ఆజ్ఞను మాత్రమే పాలించాడు. ఎవరూ నిర్బంధింపకున్నా, పొరుగువాని ప్రాణాన్ని తలచి చాపినవాడు కర్మయోగం ఆచరించాడు. మరొక మహమ్మారి వచ్చిన నాడు ఆస్తికుడు ఎదుర్కొనవలసిన ప్రశ్న "నన్ను ఎవరు నిర్బంధింపగలరు?" అన్నది కాదు, "నిర్బంధం లేనప్పుడు నా ధర్మమేమి?" అన్నది.