వంటలక్కయు, వధువు రంగును

శంషాబాదు దాటి బెంగుళూరు రాజమార్గమున దక్షిణముగా పోవువారికి తగులు కొత్తూరు ఒకనాడు మహబూబునగరు జిల్లాలోని వ్యవసాయ మండలము. 2008 మార్చిలో శంషాబాదున విమానాశ్రయము ప్రారంభమైన పిదప ఈ ప్రాంతపు భూముల వెల యెట్లు పెరిగినదో మన పాఠకులలో పెక్కుమందికి అనుభవవేద్యమే. 2016లో ఈ మండలము రంగారెడ్డి జిల్లాలో చేరినది. చేలున్న చోట కర్మాగారములు లేచినవి. బావులున్న చోట పెండ్లిమండపములు వెలసినవి. భూమి మాఱినది, వృత్తి మాఱినది, ఇల్లు మాఱినది. అయినను సంబంధము వచ్చినదని చెప్పగానే ఇంటి పెద్ద నోట వెలువడు మొదటి ప్రశ్న మాత్రము మాఱలేదు: "పిల్ల తెలుపా, చామనచాయా?"

ఈ ప్రశ్న వేసిన యిండ్లలోనే 2017 అక్టోబరు మొదలు 2023 జనవరి వఱకు, రాత్రి ఏడున్నర అగుసరికి, అత్తయు కోడలును, తాతయు మనుమరాలును పీటలు వాల్చుకొని టెలివిజను ముందు కూర్చుండి, ఒక నల్లని యిల్లాలి కష్టములకు కన్నీరు కార్చిరి. స్టార్ మా ప్రసారము చేసిన "కార్తీక దీపము" అను ఆ ధారావాహిక పదునైదు వందలకు పైబడిన భాగములుగా సాగినది. అందలి నాయిక పేరు దీప. జనులు పిలుచుకొన్న పేరు వంటలక్క. ఆ పాత్రను ధరించిన నటీమణి ప్రేమి విశ్వనాథ్. మలయాళ దేశమునుండి వచ్చి తెలుగువారి వంటయింటి గడపలో ఇంత చనువుగా అడుగుపెట్టిన నటీమణి ఇటీవలి కాలమున మఱియొకరు లేరనుట అతిశయోక్తి కానేరదు.

కథ తెలియనివారు అరుదు గనుక సంగ్రహముగా స్మరింతము. కార్తీకుడను వైద్యుడు దీపను వలచి పెండ్లాడును. కోడలి రంగు అత్తగారికి మొదట రుచింపదు. వైద్యుని స్నేహితురాలు మోనిత అసూయచే అతని మనస్సున విషము పోసి, అతడు సంతానయోగ్యుడు కాడని నమ్మించును. గర్భిణియైన భార్యను అతడు శంకించును. ఆమె ఇల్లు విడుచును. కవలలలో ఒక బిడ్డను తల్లి కష్టించి పెంచుకొనగా, రెండవ బిడ్డ తన రక్తమని ఎఱుగకయే తండ్రి పెంచును. వంట చేసి పొట్ట పోసికొనుచు, తన శీలమును తాను నిరూపించుకొనవలసిన దుర్గతి ఆ యిల్లాలిది. ఇది మనకు క్రొత్త కథ కాదు. సీతమ్మను అగ్నిలో దూకించిన నేల మనది. అందుకే ఈ కథ మన గుండెను సూటిగా తాకినది.

ప్రేమి విశ్వనాథ్ కొచ్చి నగరవాసిని. 2014లో ఏషియానెట్‌లో ప్రారంభమైన "కరుత్తముత్తు" అను మలయాళ ధారావాహికలో ఈ నాయిక పాత్రనే ఆమె తొలుత ధరించినది. ఆ పేరునకు నల్లముత్యమని అర్థము. అచ్చట ఆ పాత్ర నడుమనే మఱియొక నటీమణికి సంక్రమించినది. తెలుగున మాత్రము పాత్రయు ఆమెయు ఒక్కటియైరి. కన్నడమున "ముద్దులక్ష్మి"గాను, అరవమున "భారతి కన్నమ్మ"గాను, మహారాష్ట్రమునను ఈ కథ అవతారములెత్తినది. 2020లో క్రికెట్టు పోటీలును ఈ ధారావాహికయు ఒకే వేళకు రాగా, తన యింట టెలివిజను కొఱకు కలహము తప్పుట లేదని ఒక ప్రేక్షకుడు మొఱపెట్టుకొనెను. ప్రసార సంస్థ వారాతనికి వేఱొక టెలివిజనును బహూకరించిరి. 2022లో కథకులు నాయికానాయకులను చనిపోయినట్లు చూపి, కూతుళ్ల కథను నడుపబోయిరి. ప్రేక్షకులు సమ్మతింపలేదు. కొలది మాసములలో వంటలక్క మరల బ్రదికి రావలసివచ్చినది. 2024 మార్చిలో "నవ వసంతము" పేరిట రెండవ భాగము ఆరంభమైనది.

ఒక నటీమణికి ఇంతకంటె గొప్ప విజయమేమి గలదు? కాని ఆ విజయము వెనుక నున్న శ్రమను కూడ కొంచెము గమనింతము. సినిమా నటికి ఏడాదికి రెండు మూడు చిత్రములు. ధారావాహిక నటికి వారమునకు ఆఱు భాగములు. పండుగ వచ్చినను, జ్వరము వచ్చినను, రాత్రికి భాగము సిద్ధము కావలెను. కన్నడ మలయాళ దేశముల నుండి వచ్చు నటీమణులలో పెక్కుమందికి తెరపై వినిపించు తెలుగు కంఠము వేఱొకరిది. ఆ కంఠమునకు పేరును లేదు, ముఖమును లేదు. షూటింగు ముగియగానే పుట్టినింటికి, సెలవు ముగియగానే హైదరాబాదునకు, ఈ కొత్తూరు మీదుగానే వారిలో ననేకుల రాకపోకలు. "త్రినయని"లో తిలోత్తమ పాత్రచే తెలుగువారికి పరిచితయైన కన్నడ నటీమణి పవిత్రా జయరామ్ 2024 మే 12వ తేదీన, కర్ణాటకమునుండి హైదరాబాదునకు తిరిగివచ్చుచు, మహబూబునగరు జిల్లాలో కారు ప్రమాదమున మరణించినది. ఆమె కారు కొత్తూరు చేరనే లేదు. 2019 ఏప్రిలులో వికారాబాదు ప్రాంతమున షూటింగు ముగించుకొని తిరిగి వచ్చుచుండగా భార్గవి, అనూషారెడ్డి అను ఇరువురు తెలుగు యువనటీమణులు ఇట్లే దారిలో ప్రాణములు విడిచిరి. దీపము వెలుగును మాత్రమే మనము చూతుము. కాలు వత్తి సంగతి తలపము.

ఇక అసలు విషయమునకు వత్తము. ప్రేమి విశ్వనాథ్ తెర వెలుపల అంతటి నల్లనిది కాదు. ఆమె చిత్రపటములు చూచిన ప్రతివారును ఇది ఎఱుగుదురు. దీప పాత్ర కొఱకు ఆమె ముఖమునకును చేతులకును నల్లని రంగు పూసిరి. అనగా, నల్లనితనమును తృణీకరింపరాదని చెప్పు కథను చెప్పుటకు, నల్లని స్త్రీ ఒక్కతెయు పనికిరాలేదన్నమాట! రంగు చూడకుము, గుణము చూడుమని లోకమునకు బోధించినవారు, తాము నాయికను ఎన్నుకొనునపుడు చూచినది రంగును కాదా? ఇందు ఆ నటీమణి దోష మిసుమంతయు లేదు. ఆమె తనకిచ్చిన పనిని అద్భుతముగా నిర్వహించినది. దోషము ఎన్నిక చేసినవారిది. అంతకంటె ఎక్కువగా, వారు ఎవరి మెప్పు కొఱకు ఎన్నిక చేసిరో ఆ మనది.

దీనికి ఒక ఆక్షేపణ కలదు. నటన యనగా తాను కానిదానిని అగుటయే గదా. స్థానం నరసింహారావుగారు స్త్రీ వేషము ధరించి ఆంధ్రదేశమును మురిపింపలేదా. 1956లో పద్మశ్రీ బిరుదమందలేదా, యని విజ్ఞులు కొందఱు అడుగవచ్చును. నిజమే. వారి ప్రతిభకు మేమును నమస్కరింతుము. కాని నాడు పురుషుడు స్త్రీ వేషము వేయుటకు కారణమేమి? సంసార స్త్రీ రంగస్థల మెక్కుటను మన సంఘము సహింపకుండుట. సురభి నాటకసమాజము వారు తమ యింటి స్త్రీలనే రంగమునకు తెచ్చి ఆ లోపమును దిద్దిరి. స్త్రీలు రంగమెక్కిన పిదప, స్త్రీ పాత్రకు పురుషుని వెదకవలసిన అగత్యము క్రమముగా తొలగినది. వేషము గొప్పదైనంతమాత్రమున, ఆ వేషమును అవసరము చేసిన నిషేధము గొప్పది కాజాలదు.

మఱియొక మాట. వేషధారణ స్వేచ్ఛ యనుచో అది రెండు వైపులకు నుండవలెను. తెల్లని నటి నల్లని పాత్రను ధరింపవచ్చునేని, నల్లని నటి రాజకుమార్తె పాత్రను, పెద్దింటి కోడలి పాత్రను, వైద్యురాలి పాత్రను ఏల ధరింపరాదు? మన ధారావాహికలను తిలకించువారు చెప్పుదురు గాక: నాయికగా నల్లని స్త్రీ ఎన్నిమార్లు కనబడినది? పనిమనిషిగానో, కూరగాయలమ్మునదిగానో తప్ప ఆమెకు తెరపై చోటు దుర్లభము. తన కథయే చెప్పబడునపుడును ఆమె తెర వెలుపలనే నిలువవలసివచ్చినది. ఒకవైపు మాత్రమే తెఱచుకొను తలుపును స్వేచ్ఛ యనరు.

నిర్మాతలను అడిగితిమేని, ప్రేక్షకులు ఆదరింపరని వారందురు. ప్రేక్షకులను అడిగితిమేని, చూపినదే చూచుచున్నామని వీరందురు. ఇరువురి నడుమ సత్యము మన పెండ్లిచూపుల చాపపై కూర్చుండి యున్నది. ముఖమును తెలుపు చేయునని 1975 నుండి మన దేశమున అమ్మిన లేపనము 2020లో తన పేరులోని "ఫెయిర్" అను మాటను తొలగించుకొన్నది. పేరు మాఱినది, కోరిక మాఱలేదు. 1961లోనే వరకట్న నిషేధ చట్టము వచ్చినను, పిల్ల రంగు తగ్గినకొలది కట్నము పెరుగు లెక్క అనేక కుటుంబములలో నేటికిని నడచుచునే యున్నది. ఎకరము అమ్మి అల్లునికి ధారపోసిన తండ్రులు, ఆ ఎకరములో ఎంత భాగము కూతురి రంగునకు మూల్యమో తమ మనస్సును తామే ప్రశ్నించుకొందురు గాక.

ఇది మన పెద్దలు నేర్పిన విద్యయా? ద్రౌపదికి కృష్ణ యను పేరు రంగునుబట్టియే వచ్చినది. ఆమెకొఱకు రాజులెల్లరు స్వయంవరమున పోటీపడిరి. శ్రీరాముడు మేఘశ్యాముడు. శ్రీకృష్ణుని పేరే నలుపు. పూజామందిరమున నల్లని దేవుని నిలిపి, పెండ్లిపీటలపై తెల్లని పిల్లను కోరుట ఎట్టి భక్తి? 1893లో దక్షిణాఫ్రికాయందలి పీటర్‌మారిట్జ్‌బర్గు స్టేషనులో, మొదటి తరగతి టిక్కెట్టు చేతనుండగా, రంగు కారణముగా గాంధీజీని రైలునుండి దింపివేసిరి. ఆ యవమానమును జాతి యవమానముగా భావించి పోరాడినవారి సంతతి మనము. అదే రంగు పేరిట మన కూతుళ్లను మనమే దింపివేయుచుండగా, తెల్లదొరలను నిందించు అర్హత మనకెక్కడిది?

కొత్తూరు కర్మాగారములకు ఉదయమున బస్సుల కొఱకు దారి ప్రక్కన నిలుచు యువతులను చూడుడు. తలిదండ్రులను పోషించువారు వారిలో నెందఱో! ఎండలో పనిచేసిన తల్లుల ఛాయయే వారిది. వంటలక్క కథ వారి కథ. వారిలో నొకతెకు నటనాశక్తి యున్నచో, హైదరాబాదు స్టూడియో ఎంతో దూరము లేదు. కాని అచ్చటి ద్వారమున ఆమెను నిలుపునది దూరము కాదు.

మేము కోరునది పెద్ద విషయము కాదు. ప్రసార సంస్థలవారు నల్లని నాయిక కథను చెప్పదలచినపుడు, నల్లని నటీమణికే ఆ పాత్ర నిచ్చుటకు మొదట యత్నింతురు గాక. అంతటితో ఆగక, రంగు ప్రసక్తి లేని పాత్రలను కూడ ఆమెకిత్తురు గాక. రాత్రి ప్రొద్దుపోవువఱకు పనిచేయించుకొన్న నిర్మాతలు నటీమణులను ఆ రాత్రియే దూరప్రయాణములకు విడువక, విశ్రాంతికి వసతి కల్పింతురు గాక. గృహస్థులకు మా విన్నపము మఱింత సులభము. రేపు సంబంధము మాటలాడ వచ్చినవారు పిల్ల రంగు అడిగినచో, ఆ సంబంధము మనకు తగదని వారికి మర్యాదగా చెప్పి, మంచితీర్థ మిచ్చి పంపుడు. మీ కుమారునికి పిల్లను చూడబోయినపుడు ఆ ప్రశ్నను మీరు వేయకుడు.

వంటలక్క కొఱకు ఐదేండ్లు ఏడ్చితిమి. ఆ కన్నీరు నిజమైనదే యైనచో, దానికి సాక్ష్యము మన యింటి పెండ్లిచూపులలో కనబడవలెను.