“సీట్లు నిండినవి”: ఈ మాటపై అప్పీలు లేదా?

ప్రతి సంవత్సరమును జూను మాసమున బడుల వాకిళ్లయందు ఒక మాట వినబడుచుండును: “సీట్లు నిండినవి, వెళ్లిరండు.” మాకవరపాలెమున విన్నను, నర్సీపట్నమున విన్నను ఆ మాట యొక్కటియే. పలుకువాడు కుర్చీనుండి లేవడు. వినువాడు ఒకనాటి కూలి మానుకొని, బిడ్డకు తల దువ్వి, ఉతికిన చొక్కా తొడిగి వెంటబెట్టుకొని వచ్చినవాడు. “అలాగే బాబూ” అని వెనుదిరిగి పోవును. ఆ బిడ్డ హక్కు ఆ గుమ్మముకడనే, కాగితము లేక, సాక్షి లేక ముగిసిపోవుచున్నది.

హక్కు అను మాటను మేము ఊరక వాడలేదు. చదువు పౌరుని హక్కేయని సర్వోన్నత న్యాయస్థానము 1993లో తీర్పు చెప్పినపుడు ఆ వ్యాజ్యెమున ప్రతివాది మన రాష్ట్రమే. 2002లో 86వ సవరణచే ఆ హక్కు రాజ్యాంగమున కెక్కెను. 2009లో చట్టమై, 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలునకు వచ్చెను. ఆరేండ్లు మొదలు పదునాలుగేండ్ల వరకు గల ఏ బిడ్డనైనను వయసు పత్రము లేదని త్రిప్పి పంపరాదు. గడువు దాటినదనియు త్రిప్పి పంపరాదు. బిడ్డనుగాని తల్లిదండ్రులనుగాని పరీక్షించి ఏరుకొనరాదు. ఏరుకొన్న బడికి మొదటిమారు 25 వేలు, ఆపైన ప్రతిమారును 50 వేల రూపాయలవరకు జుర్మానా. ప్రైవేటు బడులు సైతము ఒకటవ తరగతిలో నూటికి 25 స్థానములు బీదబిడ్డలకు విడువవలెను. అల్పసంఖ్యాకుల బడులను మాత్రము 2014 నాటి తీర్పు మినహాయించినది. మన ప్రభుత్వము ఈ పాతికవంతు సంగతిని పండ్రెండేండ్లు ప్రక్కన బెట్టి, 2022లో గాని కదలలేదు. అది వేరొక కథ.

సరే, తిరస్కరించిరి. తరువాత దారి యేది? చట్టములో 32వ సెక్షను చూడుడు. పంచాయతి, పురపాలక సంఘము, జిల్లా పరిషత్తు వంటి స్థానిక సంస్థకు వ్రాతమూలకముగ ఫిర్యాదు చేయవచ్చును. ఆ సంస్థ ఉభయుల వాదములు విని మూడు నెలలలో తేల్చవలెను. తేల్చినది నచ్చనివారు రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషనునకు అప్పీలు చేసికొనవచ్చును. దీనికి వకీలు అక్కరలేదు. మా వృత్తివారు మమ్ము క్షమింతురు గాక!

దారి యున్నది. కాని ఆ దారిలో రెండు గోతులున్నవి. మొదటిది కాలము. జూను 12న బడులు తెరచిననాడే ఫిర్యాదు చేసినను, సెప్టెంబరు 12 వరకు అధికారి ఊరకుండవచ్చును. పొలముగట్టు తగవులో మూడు నెలలొక లెక్క కాదు. ఒకటవ తరగతి బిడ్డకు అది బడి యేటిలో మూడవవంతు. అప్పీలు గెలుచునాటికి తోటిబిడ్డలు గుణింతములు ముగించి యుందురు.

రెండవ గోయి ఇంకను లోతు. ఫిర్యాదు వ్రాతలో నుండవలెనని చట్టము శాసించుచున్నది. తిరస్కారము వ్రాతలో నుండవలెనని మాత్రము ఆ చట్టమం దెచ్చటను లేదు! చదువురాని తండ్రి వ్రాయవలెనట; చదువు చెప్పు పంతులు నోటిమాటతో సరిపెట్టవచ్చునట! రేపు అధికారి యడిగినచో, “మేము రావద్దనలేదు, వారే రాలేదు” అని బడివారు చెప్పుటకు అడ్డేమి? మేము న్యాయస్థానములలో ఇరువది యేండ్లుగ చూచుచున్నాము. కాగితము లేని అన్యాయము అన్యాయముగ నిలువదు.

వచ్చినవారి కందరికిని కారణములు వ్రాయుచు కూర్చున్నచో పాఠములు చెప్పు టెప్పుడని కొందరు ప్రధానోపాధ్యాయు లడుగుచున్నారు. రైలులో చోటు లేనివానికి సైతము వరుస సంఖ్య వేసి చీటీ యిత్తురు. ఈ మన్యపు సీమలోనే 1922 ఆగస్టున సీతారామరాజు చింతపల్లి ఠాణానుండి తుపాకులు కొనిపోవుచు, తీసికొన్నవాని జాబితా వ్రాసి సంతకము చేసి పోయెనని పెద్దలు చెప్పుదురు. కొల్లగొట్టినవాడు రసీదిచ్చిన తాలూకాలో, బిడ్డను త్రోసివేసినవాడు చీటీ ముక్క యీయలేడా?

కావున ప్రభుత్వమును మేము కోరునవి రెండు. చేర్చుకొనని బడి ఆనాడే కారణము వ్రాసి, సంతకము చేసి యీయవలెను. ఫిర్యాదు పదునైదు దినములలో తేలవలెను. ఉత్తరువు వచ్చువరకు తల్లిదండ్రులే ఆ కాగితమును పుట్టింపవలెను. త్రిప్పి పంపిన సాయంకాలమే, ఏ తేదీన, ఎవరు, ఏ కారణము చెప్పిరో వ్రాసి, రెండు ప్రతులు చేసి, ఒకదానిపై కచ్చేరీ ముద్ర వేయించుకొనవలెను. పుచ్చుకొననన్నచో స్పీడు పోస్టున పంపవలెను. మండల విద్యాధికారికిని అదే ప్రతి పోవలెను. ప్రభుత్వ బడియైనచో సమాచార హక్కు చట్టము క్రింద కారణ మడుగవచ్చును. గ్రామస్థాయిలో రుసుము లేదు. మండలస్థాయిలో అయిదు రూపాయలు. ముప్పది దినములలో జవా బీయక తప్పదు. సోమవారము అనకాపల్లి కలెక్టరు కచ్చేరీలో అర్జీ యిచ్చినవారు దాని సంఖ్య గల రసీదు లేక కదలరాదు.

పఠనమందిరములలో ఈ పుటను చదువుచున్న యువకులారా! మీకు వ్రాత వచ్చును, ఆ తండ్రికి రాదు. బడులు తెరచిన పది దినములును ఒక కలము, నాలుగు తెల్లకాగితములు, ఒక కార్బను కాగితము పట్టుకొని మీ యూరి బడి వాకిట నిలువుడు. వెనుదిరిగి వచ్చు మొదటి తండ్రిని ఆపి, లోపల నేమనిరో అడుగుడు.