మంగళూరులో చెప్పిన మాటే కోజికోడ్‌లోనూ చెప్పారు

అహ్మదాబాద్‌లో ఎయిరిండియా 171 విమానం కూలి 260 మంది ప్రాణాలు పోయిన 2025 జూన్ 12 నుంచీ టీవీ చర్చల్లో ఒకటే ప్రశ్న నలుగుతోంది: ఇంధన స్విచ్‌లు ఆపిందెవరు? నెల తిరగ్గానే వచ్చిన ప్రాథమిక నివేదిక ఆ ప్రశ్నకు ఇంకాస్త ఆజ్యం పోసింది. రెండు స్విచ్‌లూ ఒక సెకను తేడాలో ‘కటాఫ్’కు మారాయని, ఎందుకు ఆపావని ఒక పైలట్ అడిగితే నేను ఆపలేదని రెండో పైలట్ బదులిచ్చారని అందులో ఉంది. అడిగిందెవరో, బదులిచ్చిందెవరో లేదు. ఆ ఖాళీని ఎవరికి తోచిన కథతో వాళ్లు నింపేశారు. బదులు చెప్పుకోలేని కెప్టెన్ మనసులో ఏముందో కూడా తేల్చేశారు. కొడుకు మీద పడిన నింద తుడవడానికి తొంభై ఏళ్లు దాటిన తండ్రి సుప్రీంకోర్టు గడప తొక్కాల్సి వచ్చింది.

ఈ చర్చ సాగుతున్న తీరు చూస్తే ఒళ్లు మండుతోంది. స్విచ్ మీద ఎవరి చెయ్యి ఉందని అడిగేవాళ్లు వేలమంది ఉన్నారు. దర్యాప్తు ఎవరి చేతిలో ఉందని అడిగేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా లేరు. నా అభిప్రాయం ముందే చెబుతాను. విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీని పౌర విమానయాన శాఖ కింద నుంచి తప్పించి, నేరుగా పార్లమెంటుకు జవాబు చెప్పే స్వతంత్ర సంస్థగా మార్చాలి. అది జరిగేదాకా మన దేశంలో ఏ నివేదికైనా తర్వాతి ప్రమాదాన్ని ఆపుతుందన్న భరోసా లేదు. ఇందుకు రుజువు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. పదేళ్ల తేడాతో జరిగిన రెండు ప్రమాదాలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

2010 మే 22, మంగళూరు. దుబాయ్ నుంచి వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ బోయింగ్ 737-800 కొండ మీది టేబుల్‌టాప్ రన్‌వే దాటి లోయలో పడింది. 166 మందిలో 158 మంది చనిపోయారు. 2020 ఆగస్టు 7, కోజికోడ్. దుబాయ్ నుంచే వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ బోయింగ్ 737-800 అలాంటి టేబుల్‌టాప్ రన్‌వే దాటి కింద పడి ముక్కలైంది. 190 మందిలో 21 మంది చనిపోయారు. అదే సంస్థ, అదే రకం విమానం, అదే తరహా రన్‌వే. రెండు చోట్లా విమానం నేలను తాకాల్సిన చోటు దాటిపోయి చాలా ముందుకెళ్లి తాకింది. మంగళూరులో 8,000 అడుగుల రన్‌వే మీద 5,200 అడుగులు గడిచాక, కోజికోడ్‌లో దాదాపు 8,900 అడుగుల రన్‌వే మీద 4,400 అడుగులు గడిచాక.

వీటన్నిటికంటే ముఖ్యమైన పోలిక మరొకటి ఉంది. మంగళూరులో కోపైలట్ ‘గో అరౌండ్’ అని మూడుసార్లు చెప్పారు. దిగొద్దు, మళ్లీ పైకి లేపు అని. కెప్టెన్ వినలేదు. కోజికోడ్‌లోనూ కోపైలట్ ‘గో అరౌండ్’ అన్నారు. కెప్టెన్ వినలేదు. ఎయిర్ మార్షల్ బి.ఎన్. గోఖలే నాయకత్వంలోని మంగళూరు దర్యాప్తు సంఘం ఒక కీలకమైన లోపాన్ని పట్టుకుంది. అవసరమైతే కోపైలట్ తానే కంట్రోల్స్ అందుకుని విమానాన్ని పైకి లేపొచ్చా లేదా అన్న విషయంలో ఆదేశాలు అస్పష్టంగా ఉన్నాయని, బహుశా అందుకే ఆయన చెప్పడం దగ్గరే ఆగిపోయారని రాసింది. పదేళ్లు గడిచాయి. కోజికోడ్ నివేదిక ఏం రాసింది? కోపైలట్ ‘గో అరౌండ్’ చెప్పినా కెప్టెన్ వినలేదని, కోపైలట్ కంట్రోల్స్ అందుకుని విమానాన్ని పైకి లేపలేకపోయారని. ఇద్దరి మధ్య హోదా అంతరం ఎక్కువగా ఉండటం కూడా ఒక కారణమని.

2010లో కోపైలట్ మాట వినలేదు. 2020లోనూ కోపైలట్ మాట వినలేదు. ‘పైలట్ తప్పిదం’ అని ఫైలు మూసేసేవాళ్లు ఈ రెండు తేదీల మధ్య పదేళ్లు ఎవరు ఏం చేశారో చెప్పాలి. ఒక కెప్టెన్ మొండికేస్తే అది ఆ మనిషి తప్పు. అదే తప్పు, అదే సంస్థలో, అదే పద్ధతిలో మళ్లీ జరిగితే అది సంస్థ తప్పు, దాన్ని తనిఖీ చేయాల్సిన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ తప్పు, ఆ ఇద్దరినీ నడిపించిన మంత్రిత్వ శాఖ తప్పు.

హెచ్చరించినవాళ్లు లేరా? ఉన్నారు. వర్షంలో, వెనక నుంచి తోసే తోకగాలితో కోజికోడ్ పదో నంబరు రన్‌వే మీద దిగడం ప్రయాణికుల ప్రాణాలతో ఆడుకోవడమేనని విమాన భద్రతా సలహా సంఘంలో సభ్యుడైన కెప్టెన్ మోహన్ రంగనాథన్ 2011 జూన్‌లోనే లిఖితపూర్వకంగా చెప్పారు. తొమ్మిదేళ్ల తర్వాత విమానం దిగింది వర్షంలోనే, తోకగాలితోనే, పదో నంబరు రన్‌వే మీదే. ఇంత కచ్చితంగా నిజమైన హెచ్చరికను ఏ అధికారి ఏ కారణంతో పక్కన పెట్టారో పౌర విమానయాన శాఖ ఇప్పటికీ జనానికి చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో అర్థం కావాలంటే ఆ రెండు ప్రమాదాల నాటికి ఎవరి కింద ఏముందో చూడాలి. విమానం నడిపిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ కేంద్ర ప్రభుత్వానిది, పౌర విమానయాన శాఖ కిందిది. విమానాశ్రయమూ, దిగడానికి అనుమతిచ్చే కంట్రోల్ టవరూ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీవి. అదీ ఆ శాఖ కిందిదే. రూల్స్ రాసి తనిఖీ చేసే డీజీసీఏ ఆ శాఖదే. కోజికోడ్ నాటికి దర్యాప్తు చేసే ఏఏఐబీ కూడా ఆ శాఖకు అనుబంధ కార్యాలయమే. అమెరికాలోని ఎన్‌టీఎస్‌బీ తరహాలో స్వతంత్ర భద్రతా మండలి పెట్టాలని మంగళూరు దర్యాప్తు సంఘం సిఫారసు చేసింది. 2012లో మనకు దక్కింది శాఖ కింద ఒక కార్యాలయం. గోఖలే సంఘం అడిగినదాన్లో ‘స్వతంత్ర’ అన్న ఒక్క మాటను మాత్రమే వదిలేశారు. అసలు అవసరమైనది ఆ మాటే.

దర్యాప్తును శాఖకు దూరంగా పెట్టడం మనకు తెలియని విద్యేమీ కాదు. ప్రాణాలు పోయేంత పెద్ద రైలు ప్రమాదం జరిగితే విచారణ జరిపేది రైల్వే భద్రతా కమిషనర్. 2023 అక్టోబర్‌లో విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రెండు రైళ్లు ఢీకొన్నప్పుడు విచారణ చేసిందీ ఆయనే. ఆయన పనిచేసే భద్రతా కమిషన్ రైల్వే శాఖ కింద ఉండదు. రైళ్లు నడిపేవాళ్ల మీద తీర్పు చెప్పేవాడు వాళ్ల చెప్పుచేతల్లో ఉండకూడదన్న ఆలోచనతో 1941లోనే, అంటే బ్రిటిష్ వాళ్ల హయాంలోనే, దాన్ని రైల్వే బోర్డు నుంచి విడదీశారు. ఇప్పుడది ఏ శాఖ కింద ఉంది? పౌర విమానయాన శాఖ కింద. రైల్వే తప్పులు పట్టేవాడు రైల్వే మంత్రి కింద ఉండకూడదని ఒప్పుకున్న దేశం, విమానాల తప్పులు పట్టేవాణ్ని విమానయాన మంత్రి కింద ఎలా ఉంచుతోంది? ఎనభై ఏళ్లకు పైగా అమల్లో ఉన్న ఈ సూత్రాన్ని విమానాల చర్చలో ఒక్కరూ ఎత్తరు. అమెరికా కూడా మొదట ఎన్‌టీఎస్‌బీని రవాణా శాఖలోనే పెట్టింది. ఆ పద్ధతి కుదరదని 1974లో చట్టం చేసి పూర్తిగా బయటికి తెచ్చింది. మనం అమెరికా దాకా కూడా వెళ్లక్కర్లేదు. సికింద్రాబాద్‌లో ఉన్న రైల్వే భద్రతా కమిషనర్ కార్యాలయం దాకా వెళ్తే చాలు.

చనిపోయినవాడి మీదకు నెట్టేయడం ఎంత సులభమో మా నందిగామ మెట్ట ప్రాంతానికి బాగా తెలుసు. 2017 ఫిబ్రవరి 28 తెల్లవారుజామున భువనేశ్వర్ నుంచి హైదరాబాద్ వెళ్తున్న ప్రైవేటు బస్సు పెనుగంచిప్రోలు మండలం ముండ్లపాడు దగ్గర రెండు కల్వర్టుల మధ్య సందులో పడిపోయింది. ఆ రోజు నందిగామ ప్రభుత్వాసుపత్రిలో జరిగిన రాద్ధాంతమంతా డ్రైవర్ శవానికి పోస్టుమార్టం గురించే. నాయకులు, అధికారులు, పోలీసుల మధ్య వాదనలు రాష్ట్రమంతా టీవీల్లో చూసింది. ఒక డ్రైవర్ ఎన్ని గంటలు స్టీరింగ్ పట్టుకున్నాడు, పర్మిట్లు ఇచ్చిన రవాణా శాఖ ఏం తనిఖీ చేసింది, రెండు వంతెనల మధ్య అంత సందు ఎందుకుంది అన్నవి ఆ రాజకీయ గొడవలో కొట్టుకుపోయాయి. విమానానికైనా బస్సుకైనా మన దేశంలో ఇదే తంతు.

పాఠం నేర్చుకుంటే ఫలితం ఉంటుందా? ఉంటుంది. 1996 నవంబర్ 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ ఆకాశంలో సౌదీ, కజకిస్తాన్ విమానాలు ఢీకొని 349 మంది చనిపోయారు. కజక్ విమానం తనకు చెప్పిన ఎత్తు కంటే కిందికి దిగింది. అయితే ఢిల్లీకి వచ్చే, పోయే విమానాలకు ఒకే దారి ఉండటం, ఎత్తు చూపే సెకండరీ రాడార్ లేకపోవడం కూడా ఆ నేపథ్యంలో ఉన్నాయి. ఆ తర్వాత దారులు వేరు చేశారు, కొత్త రాడార్లు పెట్టారు, ఎదురొచ్చే విమానాన్ని పసిగట్టే పరికరాన్ని తప్పనిసరి చేశారు. ప్రయాణికుల విమానాలు గాల్లో ఢీకొనడం మన దేశంలో మళ్లీ జరగలేదు. తప్పును కాక్‌పిట్‌లోనే వెతికితే సరిపోదని చెప్పే ప్రమాదం అంతకు మూడేళ్ల ముందే జరిగింది. 1993 ఏప్రిల్ 26న ఔరంగాబాద్‌లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం పైకి లేస్తూ రన్‌వే చివర రోడ్డు మీద పోతున్న పత్తి బేళ్ల లారీని తాకి 55 మంది చనిపోయారు. పైలట్లు విమానాన్ని ఆలస్యంగా లేపారు, నిజమే. అయితే విమానం లేచే వేళ ఆ రోడ్డు మీద లారీలను ఆపాల్సింది పైలట్లా? పత్తి లారీ ఎంత ఎత్తు ఉంటుందో నందిగామలో ఏ రైతును అడిగినా చెబుతాడు. ఆ ఎత్తును లెక్కలోకి తీసుకోవాల్సినవాడు కాక్‌పిట్‌లో లేడు, ఆఫీసులో ఉన్నాడు.

ఎదుటి వాదన కూడా చెప్పుకుందాం. ఏఏఐబీలో సమర్థులైన అధికారులున్నారు. అహ్మదాబాద్ దర్యాప్తులో అమెరికా, బ్రిటన్ ప్రతినిధులూ ఉన్నారు. 2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. 65వ నంబరు జాతీయ రహదారి మీద ప్రయాణం కంటే విమాన ప్రయాణం ఎన్నో రెట్లు భద్రం. ఇవన్నీ ఒప్పుకుంటాను. ఆ భద్రత ఎక్కడి నుంచి వచ్చింది? ప్రపంచంలో ప్రతి ప్రమాదాన్నీ నిర్మొహమాటంగా తవ్వి, దొరికిన తప్పును మళ్లీ జరగనివ్వకపోవడం వల్ల వచ్చింది. మంగళూరు తర్వాత కోజికోడ్ జరగనిచ్చిన మనకు ఆ భద్రత పేరు చెప్పుకునే హక్కు లేదు.

అలసట సంగతే తీసుకోండి. మంగళూరు కెప్టెన్ ప్రయాణంలో చాలాసేపు నిద్రపోయి లేచారని, ఆ నిద్రమత్తు ఆయన నిర్ణయాలను దెబ్బతీసి ఉంటుందని నివేదికలోనే ఉంది. పైలట్లకు విశ్రాంతి పెంచే నిబంధనలు ఎన్నో ఏళ్లకు, కోర్టు దాకా పోయాక 2025లో అమల్లోకి వచ్చాయి. ఆ డిసెంబర్‌లో సరిపడా పైలట్లను సిద్ధం చేసుకోని ఇండిగో వేలాది సర్వీసులు రద్దు చేయగానే డీజీసీఏ ఏం చేసింది? వారపు విశ్రాంతికి బదులుగా సెలవును లెక్కించకూడదన్న ఆదేశాన్ని వెనక్కి తీసుకుంది, రాత్రి డ్యూటీల విషయంలో ఆ సంస్థకు రెండు నెలల వెసులుబాటు ఇచ్చింది. 158 మంది ప్రాణాలు నేర్పిన పాఠం విమానాశ్రయాల్లో రద్దీ ముందు నాలుగు రోజులు నిలవలేదు. ఆ డీజీసీఏలో మంజూరైన 1,063 పోస్టుల్లో భర్తీ అయినవి 553 అని పార్లమెంటు స్థాయీ సంఘం 2025 ఆగస్టులో తేల్చింది. తనిఖీ చేసే కుర్చీల్లో సగం ఖాళీ. ఇంకోపక్క ఊరికో విమానాశ్రయం అని ప్రకటనలు.

పౌర విమానయాన శాఖ ఇప్పుడు మన తెలుగువాడి చేతుల్లో ఉంది. శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు ఆ శాఖ మంత్రి. మన రాష్ట్రానికి కొత్త విమానాశ్రయాలు తెస్తున్నారని అభినందన సభలు పెట్టే నాయకులు, సంఘాలు ఆయన్ని ఒక్క ప్రశ్నైనా అడిగారా? కోజికోడ్ ప్రమాదం జరిగిన ఆరు నెలలకే, 2021 ఫిబ్రవరి 20న, దోహా నుంచి గన్నవరం వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం పార్కింగ్‌కు వెళ్తూ రెక్కతో దీపస్తంభాన్ని గుద్దింది. అరవై మందికి పైగా ప్రయాణికులు క్షేమంగా దిగారు. అదృష్టం కొద్దీ బయటపడ్డాం గనుక రెండో రోజుకే మర్చిపోయాం. జగ్గయ్యపేట, నందిగామ, కంచికచర్ల నుంచి అమెరికా చదువులకు, దుబాయ్ పనులకు పిల్లల్ని పంపే తల్లిదండ్రులు టెర్మినల్ ఎంత అందంగా ఉందని అడగరు. పిల్లలు క్షేమంగా దిగారా అని మాత్రమే అడుగుతారు.

కాబట్టి మంత్రిగారు చేయాల్సినవి స్పష్టంగా ఉన్నాయి. ఏఏఐబీని తన శాఖ నుంచి తప్పించే బిల్లు పార్లమెంటులో పెట్టాలి. మంగళూరు, కోజికోడ్ నివేదికల్లోని ప్రతి సిఫారసు అమలైందా లేదా, కాకపోతే ఏ అధికారి ఆపారు అన్నది సభ ముందుంచాలి. కోపైలట్ ‘గో అరౌండ్’ అన్నాక కెప్టెన్ వినకపోతే కోపైలటే కంట్రోల్స్ తీసుకోవాలన్న నిబంధనను ఏ సందిగ్ధమూ లేకుండా రాసి, ప్రతి సంస్థలో సిమ్యులేటర్ మీద సాధన చేయించాలి. ఇవి చేయకుండా అహ్మదాబాద్ తుది నివేదిక ఎంత గొప్పగా వచ్చినా అది మరో మంగళూరు నివేదికే అవుతుంది. ఏ స్విచ్ ఎవరు ఆపారని చనిపోయినవాళ్లను నిలదీసింది చాలు. 2010లో ఒక కోపైలట్, 2020లో ఇంకో కోపైలట్ చెప్పిన ఒకే మాటను వినకుండా పదేళ్లు కూర్చున్నవాళ్లను, ఇంకా కుర్చీల్లో ఉన్నవాళ్లను, ఇప్పుడు నిలదీయాలి.