జాతీయ పోషకాహార సంస్థకు ఒక వినతి

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సంచాలకుల వారికి,

కీమో ఎక్కించుకుని ఇంటికి వెళ్లిన రోగి మళ్లీ డాక్టరును చూసేది చాలాసార్లు రెండు మూడు వారాల తర్వాతే. ఈలోగా ఏం తినాలో, ఎంత నడవాలో చెప్పేది చేతిలోని ఫోనే. లక్ష్మణఫలం ఆకుల కషాయంతో క్యాన్సర్ మాయమవుతుందనీ, చక్కెర మానేస్తే గడ్డ ఎండిపోతుందనీ చెప్పే వీడియోలు తెలుగులో కోకొల్లలు. ఆ గోలలో మీ శాస్త్రవేత్తల మాట రోగి దాకా రావడం లేదు.

మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు చుట్టాలంతా పథ్యం పెట్టించారు. గుడ్డు వేడి, పెరుగు నెమ్ము, పప్పు వాతం అన్నారు. చివరికి మిగిలింది చారన్నం. "మంచం దిగకు వదినా, నేను చూసుకుంటా" అనేది మా మేనత్త, ప్రేమకొద్దీ. అమ్మ ఒంట్లో కండ కరిగిపోయింది. మేనత్తను ఏమనగలను? ఆస్పత్రిలో ఇచ్చిన ఆహారం కాగితం ఇంగ్లిష్‌లో ఉంది, అందులో ఓట్స్, బ్రకోలీ ఉన్నాయి.

క్యాన్సర్ రోగికి కిలో బరువుకు రోజుకు ఒక గ్రాముకు పైగా, వీలైతే ఒకటిన్నర గ్రాముల దాకా మాంసకృత్తులు అందాలని యూరప్ పోషకాహార నిపుణుల సంఘం చెబుతోంది. అంటే 50 కిలోల మనిషికి 50 నుంచి 75 గ్రాములు. చారన్నం ఆ దరిదాపులకు కూడా రాదు. బాగా ఉడికించిన గుడ్డు, ముద్దపప్పు, పెరుగు, చేపల పులుసు మన వంటింట్లోవే. నోరు పూసి కారం తగిలితే మండుతున్నప్పుడు వాటిని ఎలా మెత్తగా చేసి తినిపించాలో చూపించే మనిషి కావాలి.

వ్యాయామం సంగతి ఇంకా ముఖ్యం. 2025లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన 'ఛాలెంజ్' పరిశోధనలో 889 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగులు పాల్గొన్నారు. ఆపరేషను, కీమో అయ్యాక కొందరికి ఆరోగ్య సలహాల పుస్తకాలు మాత్రమే ఇచ్చారు. మిగతావాళ్లతో శిక్షకులు మూడేళ్లపాటు వ్యాయామం చేయించారు. ఎనిమిదేళ్లకు బతికి ఉన్నవాళ్లు పుస్తకాలు అందుకున్నవారిలో 83.2 శాతం, శిక్షకుల అండ ఉన్నవారిలో 90.3 శాతం. అందుకే ఇంకో కరపత్రం అచ్చేయించమని అడగడం లేదు.

వారానికొకసారి తెలుగులో ఆన్‌లైన్ తరగతి పెట్టండి. ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి మీ ఊళ్లోనే ఉంది. అక్కడి డాక్టర్లను, ఫిజియోథెరపిస్టులను కలుపుకోండి. క్యాన్సర్ ఎముకలకు పాకినవాళ్లు, ప్లేట్‌లెట్లు తగ్గినవాళ్లు, జ్వరమున్నవాళ్లు డాక్టరును అడగకుండా కసరత్తు మొదలుపెట్టకూడదని మొదటి రోజే చెప్పించండి. రోగి ప్రశ్న వేయాలి, ఎవరో ఒకరు పేరు పెట్టి పిలిచి జవాబివ్వాలి. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లకు మామూలు కాల్‌లో వినే వీలుండాలి. వంట చేసే మనిషిని తప్పకుండా పక్కన కూర్చోబెట్టండి, పథ్యం నిర్ణయించేది వాళ్లే.

1918లో కూనూరులో బెరిబెరి మీద పరిశోధనతో పుట్టిన సంస్థ మీది. తిండి లోపంతో మనుషులు నీరసించిపోతుంటే ఊరుకోని చరిత్ర మీది. క్యాన్సర్ రోగుల కోసం ఆ తరగతిని ఈ ఏడాదే మొదలుపెట్టండి.

ఇట్లు,
ఒక రోగి కూతురు