డోలో అని కాదు, పారాసెటమాల్ అని అడుగుదాం
జ్వరమొచ్చినా ఒళ్లు నొప్పులొచ్చినా మందుల షాపుకెళ్లి ‘డోలో ఇవ్వండి’ అనడం మనకు అలవాటైపోయింది. డోలో 650 అయినా, క్రోసిన్ అయినా, జన ఔషధి కేంద్రంలో ఏ బ్రాండ్ పేరూ లేకుండా దొరికే బిళ్ల అయినా లోపలి మందు పారాసెటమాలే. దాని మీద పేటెంటు ఎవరికీ లేదు. కాబట్టి మనం గొప్పగా చెప్పుకునే ఈ బ్రాండ్లు కూడా నిజానికి జనరిక్‌లే. ధరకు ప్రభుత్వం గరిష్ఠ పరిమితి పెట్టింది గనుక బ్రాండ్ పేరు లేని బిళ్ల కొంటే ఒక స్ట్రిప్ మీద మనకు మిగిలేది కొద్ది రూపాయలే, ఒప్పుకుంటాను. డబ్బు కన్నా నన్ను కలవరపెట్టేది మరొకటి: మనకు బ్రాండ్ పేరు గుర్తుంటుంది, లోపలి మందు గుర్తుండదు. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రోఫెన్ 400 మిల్లీగ్రాములతో పాటు పారాసెటమాల్ 325 కూడా ఉంటుంది. పొద్దున జ్వరానికి డోలో, మధ్యాహ్నం నడుం నొప్పికి కాంబిఫ్లామ్, రాత్రి పారాసెటమాల్ కలిసిన జలుబు బిళ్ల వేసుకున్న పెద్దాయనకు మూడుసార్లూ అదే మందు మింగానని తెలియదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకైనా రోజుకు 4 గ్రాములు దాటితే కాలేయానికి ముప్పు. మద్యం అలవాటున్నవారికి, కాలేయ జబ్బున్నవారికి హద్దు అంతకన్నా తక్కువే. జనరిక్ అంటే నాసిరకమేమోనని భయపడేవారిని నేను తప్పుపట్టను. కానీ ఆ భయం తీర్చాల్సింది ఔషధ నియంత్రణ శాఖ తనిఖీలు, టీవీ ప్రకటనలు కాదు. ప్రభుత్వం స్ట్రిప్ మీద మందు పేరును తెలుగులోనూ అచ్చువేయించాలి. మీరు మాత్రం ఈసారి షాపులో పారాసెటమాల్ అనే అడగండి. ఏ బిళ్లయినా లోపల ఏముందో చదివాకే వేసుకోండి.