తోక తెగిన బల్లి

బల్లి మన మీద పడితే ఏ ఫలమో చెప్పడానికి పంచాంగంలో ఒక పేజీ ఉంటుంది. మనవల్ల బల్లికి దెబ్బ తగిలితే ఏం చేయాలో చెప్పే పేజీ మాత్రం ఏ పంచాంగంలోనూ కనపడదు. ఈ వారం ఆ లోటు కాస్త పూరిద్దామని నా ప్రయత్నం.

మా బాన్సువాడ చుట్టూ నిజాంసాగర్ కాలువ కింద వరి పొలాలు. దీపం పెట్టేసరికి పురుగులన్నీ మా ఇంట్లోనే! వాటి వెనకే బల్లులూను. వంటింటి కిటికీ పైన ఉండే బల్లికి మా మనవడు రాజు అని పేరు పెట్టి పెంచుకుంటున్నాడు. మొన్న గాలికి కిటికీ రెక్క కొట్టుకొని దాని తోక కొస నలిగింది.

“అమ్మమ్మా, రాజు చచ్చిపోతదా?” అంటూ వాడు అన్నం ముట్టలేదు. మా వదినగారేమో, “ఇంటికి అరిష్టం. కంచికి పోయి బంగారు బల్లిని తాకి రావాలె” అన్నారు. “అలాగే పోదాం వదినా, ముందు ఈ మట్టి గోడ బల్లి సంగతి చూద్దాం” అన్నాను.

నిజానికి అంత భయం లేదు. బల్లి తోక ఎముకల్లో తెగడానికి వీలైన చోట్లు పుట్టుకతోనే ఉంటాయి. ఆపద వస్తే అక్కడ తెంపుకొని పారిపోతుంది. కండరాలు బిగిసి రక్తనాళాలను నొక్కేస్తాయి గనుక నెత్తురు ఎక్కువ పోదు. తెగిన ముక్క గిలగిల కొట్టుకుంటుంటే పిల్లి దాన్నే చూస్తుంది, బల్లి బతికిపోతుంది. కొన్ని వారాలకు కొత్త తోక మొలుస్తుంది. అందులో ఎముక ఉండదు, మృదులాస్థే.

ఇక చికిత్స. తోక పట్టుకొని ఎత్తకండి. వేలాడే ముక్కను లాగకండి. పసుపు, సున్నం, కిరసనాయిలు పూయకండి. కాచి చల్లార్చిన నీళ్ళతో మెల్లగా కడిగి, పోవిడోన్ అయొడిన్‌ను లేత టీ రంగు వచ్చేదాకా నీళ్ళు కలిపి దూదితో అద్దండి. గాలి ఆడే డబ్బాలో మన్ను, ఇసుక లేకుండా శుభ్రమైన కాగితం పరచి అందులో ఉంచండి. నాలుగు నీటి చుక్కలు, రెండు బతికున్న పురుగులు వేయండి. బల్లి కొవ్వు దాచుకునే చోట్లలో తోక ఒకటి. అది పోయినప్పుడు తిండే అసలు మందు. గాయం నల్లబడినా, వాచినా పశువైద్యునికి చూపాలి. ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోవడం మరవకండి.

ఆ రాత్రి రాజు ఒక పురుగును నోట కరచుకోగానే మా వాడూ కంచం ముందు కూర్చున్నాడు. మూడోనాడు దాన్ని గోడకు వదిలేశాం.

మీ పిల్లలకు ఒక్కమాట చెప్పండి. తోక మళ్ళీ వస్తుంది కదా అని తెంపి చూడకూడదు. కొత్త తోక ఊరికే రాదు. ఒంటికి పట్టవలసిన తిండి దానికి ధారపోస్తేనే వస్తుంది.