రైతు ఫోన్‌లో తెరుచుకోని పోర్టల్ ఎవరి కోసం?

ఇవాళ రైతు పనుల్లో సగం ఫోన్‌తోనే మొదలవుతున్నాయి. పీఎం కిసాన్ కింద ఏటా ఇచ్చే 6,000 రూపాయలు ఖాతాలో పడాలంటే ఈ-కేవైసీ కావాలి. 2025-26 సీజన్‌లో భారత పత్తి సంస్థకు పత్తి అమ్మాలంటే 'కపాస్ కిసాన్' యాప్‌లో పేరు నమోదు చేసుకుని స్లాట్ తీసుకోవాల్సి వచ్చింది. పనులు ఆన్‌లైన్ కావడాన్ని మేము వ్యతిరేకించడం లేదు. ఆఫీసు మెట్లెక్కకుండా, ఎవరి చేతులూ తడపకుండా పని జరిగితే రైతుకు అంతకంటే కావలసిందేముంది? అయితే ఆ పేజీ తెరుచుకోవలసింది రైతు దగ్గరున్న ఫోన్‌లో. అక్కడ పనిచేస్తుందో లేదో చూడకుండానే గడువులు పెడుతున్నారు. మా అభ్యంతరం అదే.

ఇటీవల ఒక మండల సమావేశంలో సభ్యుల ఫోన్లు ఐదింటిని బల్ల మీద పెట్టి, ఒకే రిజిస్ట్రేషన్ పేజీని అన్నింటిలోనూ తెరిచి చూశాం. కొత్త ఫోన్‌లో పని నిమిషాల్లో అయిపోయింది. రెండో ఫోన్‌లో తెల్ల పేజీ తప్ప ఏమీ రాలేదు. మెమరీ నిండిపోయి ఏళ్ల తరబడి బ్రౌజర్ అప్‌డేట్ కాలేదు. మూడోది ర్యామ్ తక్కువున్న ఫోన్. ఓటీపీ చూడటానికి మెసేజీల్లోకి వెళ్లి వచ్చేసరికి పేజీ మళ్లీ మొదటికొచ్చి, నింపిన వివరాలన్నీ పోయాయి. నాలుగో ఫోన్ ఒక పెద్దాయనది. చూపు ఆనక అక్షరాలు పెద్దవిగా పెట్టుకున్నారు. 'సబ్మిట్' బటన్ స్క్రీన్ దాటి కిందికి పోయింది, ఎంత జరిపినా పైకి రాలేదు. ఐదోది ఇంటర్నెట్ వచ్చే కీప్యాడ్ ఫోన్. పేజీ వచ్చింది గానీ, తేదీ ఎంచుకునే క్యాలెండర్ మీటలకు కదల్లేదు. ఊరొకటే, సిగ్నల్ ఒకటే, పేజీ ఒకటే. నలుగురికి పని కాలేదు.

'ఫోన్ మార్చుకోండి' అని సలహా ఇవ్వడం తేలిక. ఆండ్రాయిడ్ 7 ఫోన్లకు 2023 చివరి నుంచి, 8, 9 ఫోన్లకు 2025 ఆగస్టు నుంచి క్రోమ్ కొత్త వెర్షన్లు రావడం లేదు. రైతు బాగానే ఉన్న ఫోన్‌ను ఇందుకోసం పారేసి, అప్పు చేసి కొత్తది కొనాలా? కొనలేనివారు నెట్ సెంటర్ దారి పడుతున్నారు. అక్కడ ఫీజు, ఆటో చార్జీ, ఒక రోజు కూలి పోతాయి. ఈలోగా స్లాట్లు అయిపోతే పొడవు పింజ పత్తికి ప్రకటించిన మద్దతు ధర (2025-26లో క్వింటాకు 8,110 రూపాయలు) కాగితం మీదే ఉండిపోతుంది, పత్తి వ్యాపారి చెప్పిన ధరకు పోతుంది. పోర్టల్‌ను పరీక్షించడానికి పెట్టని ఖర్చు ఈ రూపంలో రైతు నెత్తిన పడుతోంది. కౌలు రైతులకు, ఇంట్లో వాడి పక్కన పెట్టిన పాత ఫోన్‌తో నెట్టుకొచ్చే మహిళా రైతులకు ఈ దెబ్బ మరింత ఎక్కువ.

దీనికి నియమాలు లేక కాదు. ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009 నుంచే ఉన్నాయి, 2023లో వాటి మూడో కూర్పు వచ్చింది. వేర్వేరు బ్రౌజర్లలో, మొబైల్ ఫోన్లలో సైట్ సరిగా పనిచేయాలన్నది వాటిలో ఉన్న మాటే. కావలసింది అమలు. ఆఫీసు కంప్యూటర్‌లో స్క్రీన్‌ను ఫోన్ సైజుకు కుదించి చూస్తే పరీక్ష అయిపోదు. అందులో కొలత కనిపిస్తుంది గానీ పాత బ్రౌజర్, చాలని ర్యామ్ బయటపడవు. అసలు ఫోన్ చేతబట్టి, పొలం గట్టున వచ్చే సిగ్నల్‌తో చూడాలి.

అందుకే మేము అడుగుతున్నది ఇది. ఏ పోర్టల్‌నైనా తప్పనిసరి చేసే ముందు చవక ఫోన్లలో, పాత ఆండ్రాయిడ్‌లలో, రెండు మూడు బ్రౌజర్లలో రైతుల చేతనే వాడించి చూడాలి. ఏయే ఫోన్లలో పనిచేస్తుందో ముందే తెలుగులో ప్రకటించాలి. సగం నింపిన వివరాలు పోకుండా ఉండాలి. పోర్టల్ మొరాయిస్తే గడువు పొడిగించాలి. ఆన్‌లైన్‌లో కానివారి దరఖాస్తును గ్రామంలోనే కాగితం మీద తీసుకుని రశీదు ఇవ్వాలి.

సభ్యులు కూడా ఒక పని చేయాలి. పేజీ ఆగిపోయినప్పుడు తిట్టుకుని ఊరుకోవద్దు. ఫోన్ మోడల్, సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్' దగ్గర కనిపించే ఆండ్రాయిడ్ వెర్షన్, బ్రౌజర్ పేరు, తేదీ, సమయం రాసిపెట్టుకోండి. స్క్రీన్‌షాట్ తీయండి. అందులో ఆధార్ నంబరు, ఓటీపీ, ఖాతా నంబరు మాత్రం కనపడనీయకండి. వాటిని గ్రామ కమిటీకి ఇవ్వండి. 'సైట్ పనిచేయడం లేదు' అంటే అధికారి నమ్మకపోవచ్చు. ఏ ఫోన్‌లో, ఏ రోజున, ఎక్కడ ఆగిందో వంద మంది రాసిస్తే కాదనడం కష్టం.